గంట కొట్టని బస్సు

బ్రేకు బాబాయి దగ్గర ఆ ఆట ఊసెత్తితే చాలు, చెవులు ఎర్రబడేవి. "అదొక ఆటా? దాన్ని చేసినవాడు పుట్టి బుద్ధెరిగి ఒక్కసారైనా బస్సెక్కాడా?" అని మొదలుపెట్టేవాడు. ఒకసారి మొదలుపెట్టాక ఆపడం ఎవరి తరమూ కాదు. ఎదుటివాడు టీ తాగేసి, గ్లాసు కడిగి, బోర్లించి వచ్చినా ఈయన ఇంకా మొదటి స్టాపులోనే ఉండేవాడు.

బాబాయి సిటీ బస్సు డ్రైవరు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. బండి ఆపితే లోపల నిలబడ్డవాళ్ళకు ఆగిన సంగతే తెలిసేది కాదు, కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకుని దిగేవాళ్ళు. అందుకే ఆ పేరు. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళుంది. ఆ నాలుగేళ్ళూ స్టీరింగు పట్టుకునే గడపాలని ఆయన కోరిక. అంతకు మించి దేవుణ్ణి ఏమీ అడిగిన మనిషి కాడు.

డిపోలో మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు విశ్రాంతి గదిలో పదిహేను మందైనా పోగయ్యేవారు. గదిలో రెండు బల్లలు, ఒక కుండ, రెక్క వంగిపోయిన ఫ్యాను. ఎవరి చేతిలో చూసినా ఫోనే, ఏ ఫోన్లో చూసినా ఆటే. "నువ్వేం ఆడుతున్నావు, ఎలా ఉంది?" అన్నదే అక్కడి పలకరింపు.

బాబాయి బండిలో పదకొండేళ్ళుగా కండక్టరు ఒకే అమ్మాయి. ఆమె రంగుల బుడగలు పేల్చే ఆటలో నాలుగు వందల పన్నెండో మెట్టు మీద ఉంది. "మెట్టు మెట్టుకీ ఒక ప్రకటన చూడమంటుంది బాబాయ్. నేను కూడా టికెట్టు టికెట్టుకీ ఆగి సబ్బు గురించి చెబితే జనం నన్ను బస్సులోంచి తోసెయ్యరూ?" అనేది. మెకానిక్ ఎవరో మొహం తెలియని మనిషితో ఫుట్‌బాల్ ఆడేవాడు. "ఓడిపోయేలా ఉన్నాననుకుంటే చాలు, నెట్టు పీకేసి పారిపోతాడు వెధవ. వాడి ఇల్లెక్కడో తెలిస్తే బాగుండు," అని పళ్ళు నూరేవాడు. టైమ్ కీపరుది యుద్ధం ఆట. "ఆట మొదలెట్టి నెలైంది. తుపాకీ దొరికేలోపే ఎవడో ఒకడు చంపేస్తున్నాడు. ఇంతవరకు తుపాకీ మొహం చూస్తే ఒట్టు," అనేవాడు. బాబాయి మాత్రం కుండ పక్కన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆటలంటే ఆయనకు కోపమూ లేదు, ఇష్టమూ లేదు. కోపం తర్వాత వచ్చింది.

డిపోకు కొత్త బస్సులు వస్తున్నాయని నోటీసు పెట్టారు. వాటిని తోలాలంటే ప్రతి డ్రైవరూ మిషను మీద పరీక్ష రాయాలట. మూడు పెద్ద స్క్రీన్లు, ఒక సీటు, ఒక స్టీరింగు. స్క్రీన్ల మీద రోడ్డు వస్తుంది, మనం కూర్చుని బస్సు నడపాలి. నూటికి డెబ్బై మార్కులు రావాలి. రెండుసార్లు తప్పితే స్టీరింగు వదిలేసి డిపో గేటు దగ్గర కాపలా. కుర్రకారు చంకలు గుద్దుకుంది. "ఇది ఆఫీసు డబ్బుతో గేమ్ ఆడటమే కదా!" అని మెకానిక్ వగచాడు, తనకు ఆ పరీక్ష లేనందుకు.

బాబాయి శుభ్రంగా గడ్డం గీసుకుని వెళ్ళాడు. సీటు సరిచేసుకున్నాడు, అద్దాలు చూసుకున్నాడు, బండి తీశాడు. మలుపులు, సిగ్నళ్ళు, అడ్డొచ్చిన సైకిలు, అన్నీ వెన్నలా దాటించాడు. మొదటి స్టాపు వచ్చింది. బస్సు ఆగిందా లేదా అన్నంత మెత్తగా ఆపాడు. బొమ్మ మనుషులు ఎక్కారు. స్క్రీను మీద తలుపు మూసుకుంది. బాబాయి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

కూర్చునే ఉన్నాడు. వెనక బొమ్మ కార్లు హారన్లు కొడుతున్నాయి. స్క్రీను మూలన మార్కులు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. పక్కన నిలబడ్డ ట్రైనింగ్ సారు ఒకసారి దగ్గాడు. బాబాయి ఆయన వైపు చూసి మర్యాదగా తలూపి, మళ్ళీ ముందుకు తిరిగాడు. నాలుగు నిమిషాల నలభై సెకన్లకు మిషనే విసిగిపోయి పరీక్ష ఆపేసింది.

"ఒంట్లో బాగాలేదా అండీ?" అని అడిగాడు సారు.

"బాగానే ఉంది సార్. గంట కొట్టలేదు కదా?"

సంగతేమిటంటే, ఆ డిపో బస్సుల్లో కండక్టరు తాడు లాగితే డ్రైవరు తల మీద గంట మోగుతుంది. ఒకసారి మోగితే ఆపాలి, రెండుసార్లు మోగితే కదలాలి. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు, కాళ్ళూ చేతులూ అన్నీ లోపలే ఉన్నాయి అని వెనక నిలబడ్డ మనిషి చూసి చెప్పే మాట అది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ మాట వినకుండా బాబాయి కుడికాలు కదిలింది లేదు. ఆ మిషను చేసినవాళ్ళు ఎక్కడో కండక్టర్లు లేని బస్సుల కోసం చేశారు. దాన్ని పట్టుకొచ్చి, కండక్టర్లున్న డిపోలో, రేపు కొత్త బస్సుల్లోనూ కండక్టర్లుండబోయే డిపోలో పరీక్ష పెట్టారు. పెట్టే ముందు ఒక్క డ్రైవర్ని, ఒక్క కండక్టర్ని అడిగిన పాపాన పోలేదు.

"గంటెందుకండీ? తలుపు మూసుకోగానే పచ్చలైటు వెలుగుతుంది కదా," అన్నాడు సారు. ఆయన మర్యాదస్థుడే. ఎప్పుడూ గొంతు పెంచడు. జీవితంలో బస్సు తోలినవాడు మాత్రం కాదు.

"లైటుకు మెట్టు మీదున్న కాలు కనబడుతుందా సార్?"

సారు కాగితం మీద రాసిచ్చాడు. నూటికి పదకొండు మార్కులు. కింద ఒక వాక్యం: 'ప్రతిస్పందనలు మందగించాయి.' మళ్ళీ పరీక్ష పది రోజుల్లో.

ఆ వాక్యం బాబాయికి తల కొట్టేసినట్టయింది. ఒక్క మనిషిని గీరకుండా ఇరవై ఎనిమిదేళ్ళు తోలిన కాలికి మందగించిందని పేరు పెట్టారు! విశ్రాంతి గదిలో ఈ సంగతి తెలిసి కొందరు పడీ పడీ నవ్వారు. కండక్టరు అమ్మాయి మాత్రం నవ్వలేదు. చేతిలో ఫోను బల్ల మీద పెట్టేసింది.

"నేను లేకుండా మిమ్మల్ని బస్సెక్కించి, నేను లేనందుకు మీ మార్కులు కోస్తారా? ఇదెక్కడి న్యాయం బాబాయ్?"

"అదే నేనూ అడిగానమ్మా. లైటుందన్నాడు."

ఇంట్లో ఈ వ్యవహారం కోడలు చేతికి చిక్కింది. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. సాయంత్రం ఇంటికి వచ్చాక టీవీ ముందు కూర్చుని ఆటలాడుతుంది. ఆటల గురించి ఆమెకున్న అభిప్రాయాలు ఏ జడ్జీకీ ఉండవు. అప్పుడు ఆడుతున్నది పొలం ఆట. "ఈ ఆటలో ఆవు పాలివ్వాలంటే దాని పక్కన నిలబడి ముందు నవ్వాలట మావయ్యా. నేను నవ్వలేదని మూడు రోజులు పాలివ్వలేదు. దానికంత పొగరేంటో!" అని ఫిర్యాదు చేస్తూనే రోజూ దాని పక్కన నిలబడేది. కార్ల పందేల కోసం కొన్న బొమ్మ స్టీరింగూ, కాలితో తొక్కే మీటలూ కూడా ఆమె దగ్గర ఉన్నాయి.

మామగారి కాగితం చదివి ఆమె తేల్చేసింది. "మీ మిషను నాకు తెలుసు మావయ్యా. ఇంట్లో ఆడుకునే రకం కూడా ఉంది. పది రోజులు కూర్చోబెడితే తొంభై తెప్పిస్తాను. మీరు చెయ్యాల్సింది ఒక్కటే, పచ్చలైటు రాగానే తొక్కెయ్యడం."

"ఎవరు ఎక్కారో ఎవరు దిగారో చూడకుండానా?"

"వాళ్ళు మనుషులు కారు మావయ్యా."

రోజూ సాయంత్రం టీవీ ముందు బాబాయి బస్సు బయల్దేరేది. "రోడ్ల మీద తోలింది చాలక ఇంట్లో కూడా బస్సేనా? ఇక వంటింట్లో స్టాపు పెట్టండి," అని భార్య దెప్పేది. ఆయన వినిపించుకునే స్థితిలో ఉంటేగా! ఆ ఆటలో జనం అందరూ ఒకే ఎత్తు, అందరివీ ఖాళీ చేతులే. ఒక్కడి దగ్గర సంచి లేదు, మూట లేదు. ఈ బస్సు ఆస్పత్రికి వెళుతుందా అని అడిగిన మనిషి లేడు. గుంటలో నీళ్ళుంటే పక్కనున్నవాళ్ళ మీద పడతాయేమోనని నెమ్మది చేస్తే రెండు మార్కులు పోయేవి. స్టాపుకు నాలుగడుగులు ముందు, ఎండ పడని చోట ఆపితే పది పోయేవి. ఇవన్నీ ఆయన పంటి బిగువున భరించాడు. భరించలేకపోయింది ఒక్కదాన్ని.

ఆరో స్టాపులో వెనక అద్దంలో ఒక మనిషి పరిగెత్తుకుంటూ కనిపించేవాడు. ఎర్ర చొక్కా, చెయ్యెత్తి మరీ వచ్చేవాడు. బాబాయి ఆపేవాడు. మనిషి దగ్గరదాకా వచ్చి, వెనక్కి తిరిగి మళ్ళీ పరిగెత్తేవాడు. మార్కులు రాలేవి.

"వాడు ఎక్కడు మావయ్యా. రోడ్డు సందడిగా కనబడాలని ఊరికే పెట్టారంతే."

"ఎక్కించుకోని మనిషిని పరిగెత్తించడమెందుకు? చెయ్యెత్తించడమెందుకు?" బాబాయి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎక్కకపోతే పోనీ. వాణ్ణి చూసి ఆగినందుకు నాకు మార్కులు తీసెయ్యడమేంటి? ఆగకుండా పోయినవాడికి పూలదండా?"

కోడలు మాత్రం ఏం చేస్తుంది? ఆయన ఉద్యోగం నిలబెట్టాలని ఆమె తాపత్రయం. "అద్దం చూడకండి. లైటు చూడండి," అని మళ్ళీ చెప్పింది. అయిదో రోజుకు ఆయన ఎర్ర చొక్కా కోసం ఆగడం మానేశాడు. ఏడో రోజుకు చూడటం మానేశాడు. తొమ్మిదో రోజు సాయంత్రం తొంభై ఒకటి వచ్చింది. కోడలు చప్పట్లు కొట్టింది. దెప్పిన భార్య కూడా వంటింట్లోంచి వచ్చి ఆ అంకె చూసి వెళ్ళింది. నిజం చెప్పాలంటే బాబాయి ఆ పూట పొంగిపోయాడు. రేపు పొద్దున విశ్రాంతి గదిలో "ఏం ఆడుతున్నావు?" అని ఎవరైనా అడిగితే బాగుండునని కూడా అనుకున్నాడు.

మర్నాడు పొద్దున డ్యూటీ, మధ్యాహ్నం మూడింటికి పరీక్ష. పది గంటల వేళ ఆస్పత్రి స్టాపులో బస్సు ఆగింది. జనం దిగారు, జనం ఎక్కారు. అద్దంలో మెట్టు దగ్గర ఖాళీగా కనిపించినట్టే అనిపించింది. బాబాయి కాలు తొక్కింది.

వెనక కేకలు. తల మీద గంట ఒక్కసారి ఠంగున మోగింది. ఆయన ఎప్పుడూ తొక్కనంత గట్టిగా బ్రేకు తొక్కాడు. లోపలివాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. దిగి పరిగెత్తి చూస్తే, చేతికర్రతో ఎక్కుతున్న ఒక పెద్దావిడ మోచెయ్యి కండక్టరు అమ్మాయి చేతిలో ఉంది. ఒక కాలు మెట్టు మీద, రెండోది గాలిలో. కర్ర చక్రం కింద రెండు ముక్కలైంది. ఆవిడ మోకాలు గీరుకుని నెత్తురు వస్తోంది.

"ఏం నాయనా, నేను కనబళ్ళేదా?" అని అడిగింది ఆవిడ, కోపంగా కూడా కాదు.

బాబాయి ఆవిణ్ణి తానే ఎత్తుకుని సీట్లో కూర్చోబెట్టాడు. మోకాలు కడిగి, కట్టు కట్టి, ఇంటి గుమ్మం దాకా దిగబెట్టి వచ్చాక గానీ కండక్టరు అమ్మాయి మొహంలోకి చూడలేకపోయాడు.

"నేను గంట కొట్టలేదు బాబాయ్," అంది ఆమె. "పదకొండేళ్ళలో నేను కొట్టకుండా మీరు కదలడం ఇదే మొదటిసారి."

"తొమ్మిది రోజులుగా కాలికి అదే నేర్పాను కదమ్మా. బాగా నేర్చుకుంది."

"నేను ప్రమాదాల పుస్తకంలో రాయను. ఆవిడా ఏమీ అనలేదు. మీరు వెళ్ళి ఆ పరీక్షేదో కానిచ్చి రండి."

మూడింటికి వెళ్ళాడు. ఎలా నడిపాడో ఆయనకే గుర్తులేదు. పచ్చలైటు వెలిగింది, తొక్కాడు. ఎర్ర చొక్కావాడు చెయ్యెత్తాడు, వదిలేశాడు. తొంభై నాలుగు మార్కులు. డిపో మొత్తంలో అదే ఎక్కువ. ట్రైనింగ్ సారు సంబరంగా చెయ్యి కలిపాడు. కాగితం మీద 'ప్రతిస్పందనలు ఎంతో మెరుగయ్యాయి' అని రాసి, చదివి మరీ వినిపించాడు.

బాబాయికి ఒళ్ళంతా భగ్గుమంది. "ఈ పొద్దున నేను ఒక పెద్దావిణ్ణి చక్రం కింద వెయ్యబోయాను సార్. ఇదిగో, ఈ మెరుగైన కాలితోనే. ఆ సంగతి మీ తొంభై నాలుగులో ఎక్కడుంది?"

సారు మొహం పాలిపోయింది. "అలాంటివి ఇక్కడ బయటికి అనకండి. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదుగా? మీరు ప్యాసయ్యారు, అక్కడితో వదిలెయ్యండి."

వదిలేస్తే నాలుగేళ్ళూ స్టీరింగు ఆయనదే. ఆయనకు కావలసిందీ అదే. కానీ ఆ గదిలోంచి తిన్నగా ఆఫీసుకు వెళ్ళి, ప్రమాదాలు రాసే పుస్తకం అడిగి తీసుకుని, నిలబడే రాశాడు: 'కండక్టరు గంట ఇవ్వకముందే బస్సు కదిలించాను. ఒకరికి దెబ్బ తగిలింది. తప్పు నాది. ఈ తప్పు నేను నేర్చుకున్నది పరీక్ష మిషను మీద.' కింద సంతకం పెట్టాడు. వెనకే వచ్చిన సారు, "మీ మీద మీరే రాసుకుంటారా, ఇదేం పని?" అని నెత్తి పట్టుకున్నాడు.

"నేను బాగుపడ్డానని మీరు రాశారు. ఎలా చెడ్డానో నేను రాశాను. పైవాళ్ళు రెండూ చదువుకుంటారు."

పైవాళ్ళు చదివారు. వారం తిరగకుండా ఉత్తరువు వచ్చింది. కోడలు దాన్ని ఒకసారి చదివి, తాను తప్పు చదివానేమోనని మళ్ళీ చదివింది. గంట వినకుండా బస్సు కదిలించడం తీవ్రమైన నిర్లక్ష్యం కాబట్టి, ప్యాసైన ఫలితం రద్దు. పదిహేను రోజుల అదనపు శిక్షణ. ఆఖరి రోజున మళ్ళీ పరీక్ష, అదే ఆఖరి అవకాశం. శిక్షణ ఆ మిషను మీదే.

చదివినవాడెవడో, రాసినవాడెవడో, ఆ పుస్తకంలో మూడే ముక్కలు చదివి నాలుగో ముక్క దగ్గర కళ్ళు మూసుకున్నాడు. కోడలు ఆ కాగితం ఉండచుట్టి విసిరికొట్టింది. "నేనే చెడగొట్టాను మావయ్యా, అద్దం చూడొద్దన్నాను," అని ఏడ్చింది.

"నువ్వు నాకు మార్కులు తెప్పిస్తానన్నావు, తెప్పించావు. నీ తప్పేముందమ్మా?" అన్నాడు బాబాయి. ఆ ఉండ తీసి విప్పి ముడతలు సాపు చేసి, జేబులో పెట్టుకున్నాడు.

మొదటి రోజు వేళకే వెళ్ళాడు. బండి తీశాడు, మొదటి స్టాపులో మెత్తగా ఆపాడు, చేతులు స్టీరింగు మీద పెట్టుకున్నాడు. మిషను విసిగి ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అదే స్టాపు, మళ్ళీ ఆగాడు. ఆ రోజు అరవై సార్లు అలాగే జరిగింది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. "సున్నా వేస్తే గేటుకు పోతారు, తెలుసు కదా?" అని సారు అడిగాడు. తెలుసన్నాడు. మధ్యాహ్నం వేళ డ్రైవర్లు, కండక్టర్లు గుమ్మం దగ్గర నిలబడి చూసేవారు. మొదట్లో నవ్వినవాళ్ళు కూడా నవ్వడం మానేశారు.

పదిహేనో రోజు పరీక్ష. సారు తలుపు వేసి, గొంతు తగ్గించి బతిమాలాడు. "నా మాట వినండి. ఒక్కసారి కదలండి. డెబ్బై నేను చూసుకుంటాను."

"కదులుతాను సార్. వెనక అందరూ ఎక్కారో లేదో మీరొకసారి చూసి చెప్పండి."

సారు చూడబోయి, నిజంగానే వెనక్కి తిరిగాడు. వెనక గోడ, గోడ పక్కన ఒక విరిగిన కుర్చీ. ఆయన ముందుకు తిరిగేసరికి చెవుల దాకా సిగ్గు కమ్మింది. సున్నా వేసి, సంతకం పెట్టాడు.

అలా బాబాయిని గేటు దగ్గర వేశారు. ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు తోలిన మనిషి చేతికి ఒక ఈలా, ఎత్తి దించే ఇనుప కమ్మీ ఇచ్చారు. మొదటి రోజు పొద్దున ఎనభై ఎనిమిది మార్కుల డ్రైవరు కొత్త బస్సుతో గేటు ముందుకు వచ్చి హారన్ కొట్టాడు. కమ్మీ లేవలేదు. మళ్ళీ కొట్టాడు.

"గంట," అన్నాడు బాబాయి.

"బస్సు ఖాళీగా ఉంది కదా బాబాయ్! జనమెక్కడున్నారు?"

"కండక్టరుందిగా. ఆమె మనిషి కాదూ?"

లోపలున్నది ఆ అమ్మాయే. రెండుసార్లు గంట మోగించింది. కమ్మీ లేచింది. వెనక బస్సుకూ అదే, దాని వెనక బస్సుకూ అదే. పదో బస్సుకల్లా హారన్లు మానేసి గేటు దగ్గరికి రాకముందే గంటలు కొట్టడం మొదలుపెట్టారు. ఫిర్యాదు వెళ్ళింది. నిబంధనల పుస్తకం తిరగేశారు. కమ్మీ ఎంతసేపట్లో ఎత్తాలో అందులో ఎక్కడా రాసి లేదు. గేటుకు మార్కులు వేసే మిషను ఇంకా రాలేదు.

నెల తర్వాత ఒక సాయంత్రం కండక్టరు అమ్మాయి డ్యూటీ దిగి, గేటు దగ్గర ఆగింది.

"ఇవాళ ఆస్పత్రి స్టాపులో మా ఎనభై ఎనిమిది మార్కులవాడు కొత్త బస్సులో పచ్చలైటు వెలిగినా కదల్లేదు బాబాయ్. నా గంట కోసం తల తిప్పి చూశాడు."

"చూడక చస్తాడా!" అని బాబాయి కమ్మీ దించి, వస్తున్న బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు.